నల్లరేగడిలో ఇంటి గోడ ఎందుకు పగులుతుంది? జవాబు కాలేజీ ల్యాబుల్లో ఉంది, మన సైటు దాకా రాలేదు

హనుమాన్ జంక్షన్ సెంటర్‌లో నిలబడితే నాలుగు దారులు కనిపిస్తాయి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఇటు విజయవాడ, అటు ఏలూరు. మిగతా రెండింటిలో ఒకటి నూజివీడుకి, ఇంకొకటి గుడివాడకి. బస్సెక్కేవాళ్లకి ఇవి ఊళ్ల పేర్లే. ఇల్లు కట్టుకునేవాళ్లకి మాత్రం ఆ రెండు దార్లూ రెండు వేరు వేరు నేలలు. నూజివీడు వైపు మామిడి తోటల ఎర్రనేల. గుడివాడ వైపు వరి చేలు, చేపల చెరువులు ఉన్న నల్లరేగడి. ఒకే మేస్త్రి, ఒకే కంపెనీ సిమెంటు, అదే ఇనుము, అదే ప్లానుతో రెండు వైపులా రెండు ఇళ్లు కట్టారనుకోండి. ఎర్రనేల మీద ఇల్లు నిక్షేపంగా ఉంటుంది. రేగడి మీద ఇంటికి రెండు మూడేళ్లలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక గీత మొదలయ్యే అవకాశం ఎక్కువ.

గీత కనపడగానే ఇంట్లో విచారణ మొదలవుతుంది. మేస్త్రి సిమెంటు తగ్గించాడని అబ్బా అంటారు. మీరు తెప్పించిన ఇసుకలోనే మట్టి ఉందని మేస్త్రి అంటాడు. బూడిద ఇటుకలు వద్దని ముందే చెప్పాను కదా అని మామూ గుర్తుచేస్తారు. ఎవరిదో నజర్ తగిలిందని దాదీమా తేల్చేస్తుంది. కింద ఉన్న నేల సంగతి మాత్రం ఎవరూ అడగరు. ప్లాస్టర్ గీకి, మళ్లీ పూసి, రంగు వేయిస్తారు. వచ్చే వేసవికి గీత అదే చోట మళ్లీ వస్తుంది.

ఆ గీత ఎందుకొస్తుందో, ఎలా ఆపాలో ఇంజినీరింగ్ కాలేజీల్లో అరవై ఏళ్ల పైనుంచే తెలుసు. మన దేశంలో, మన రాష్ట్రంలోనే దాని మీద బోలెడంత పరిశోధన జరిగింది. అది ఇల్లు కట్టుకునే మనిషి చెవిన ఎందుకు పడలేదన్నది వేరే కథ, దాని సంగతి కూడా చూద్దాం.

పరాఠా పొరల్లాంటి మట్టి

రేగడి మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. ఫ్రాన్సులో ఒక ఊరి పేరు మీద దానికి ఆ పేరు పెట్టారు. కంటికి కనపడనంత పలచటి రేకులు, వర్ఖీ పరాఠా పొరల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆ పొరల మధ్యకి నీళ్లు దూరితే పొరలు విడివడి మట్టి ఉబ్బుతుంది. నీళ్లు పోతే కుంచించుకుపోతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక చేలల్లో చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చేది, వానలు పడ్డాక అవే నెర్రెలు మూసుకుపోయేది ఇందుకే. చేలో అయితే రైతుకి అది మామూలు విషయం. అదే కదలిక పునాది కింద జరిగితే గోడ ఊరుకోదు.

ఇల్లంతా ఒకేలా లేచి ఒకేలా దిగితే ఏ గోడా పగలదు. చిక్కు ఏంటంటే ఇంటి కింద నేల అన్ని చోట్లా ఒకేలా తడవదు, ఒకేలా ఎండదు. గచ్చు కప్పేసి ఉంటుంది కాబట్టి ఇంటి నడిమధ్య కింద తేమ నిలిచిపోతుంది. చుట్టూ అంచులు ఎండకి ఎండుతాయి, వానకి తడుస్తాయి. మధ్యలో నేల పొంగి ఉండి, మూలలు కిందికి జారతాయి. గోడ విరగడానికి దారి వెతుక్కుంటుంది. కిటికీ, గుమ్మం మూలలే దానికి బలహీనమైన చోట్లు. అందుకే పగులు అక్కడ మొదలై ఏటవాలుగా పోతుంది. చాలాసార్లు అది పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది.

పెద్ద మేడల కంటే ఒక అంతస్తు ఇళ్లకే ఈ బాధ ఎక్కువ. వినడానికి వింతగా ఉన్నా లెక్క సులువే. గట్టి రేగడి ఉబ్బేటప్పుడు పైకి తోసే ఒత్తిడి చదరపు మీటరుకి 20 టన్నుల దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. ఒక అంతస్తు ఇంటి పునాది కిందికి నొక్కే బరువు అందులో సగం కూడా ఉండకపోవచ్చు. పైకి తోసే బలమే ఎక్కువైతే ఇల్లు లేస్తుంది. నాలుగంతస్తుల అపార్టుమెంటు తన బరువుతోనే చాలా వరకు నేలని అదిమి పెడుతుంది. పైగా దానికి ఇంజినీరు ఉంటాడు, సాయిల్ టెస్ట్ ఉంటుంది. అంటే ఎవరి దగ్గర డబ్బు తక్కువ ఉందో వాళ్ల ఇంటి మీదే నేల ఎక్కువ పని చేస్తుంది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. 1973లో అమెరికాలో జోన్స్, హోల్ట్జ్ అనే ఇద్దరు ఇంజినీర్లు లెక్క కట్టి చూపించారు. వాళ్ల దేశంలో వరదలు, తుపాన్లు, సుడిగాలులు, భూకంపాలు అన్నీ కలిపి చేసే నష్టం కంటే ఉబ్బే నేలలు చేసే నష్టమే ఎక్కువని తేలింది. తుపానుకి టీవీ వాళ్లు వస్తారు. గోడలో గీతకి ఎవరూ రారు.

రెండు గాజు గొట్టాలు, కాస్త కిరోసిన్

నేల ఎంత ఉబ్బుతుందో తేల్చే పరీక్ష ఒకటుంది. భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని 1977లో ఐఎస్ 2720, నలభయ్యో భాగంగా ప్రచురించింది. పేరు ఫ్రీ స్వెల్ ఇండెక్స్. ఇంజినీరింగ్ చదువులో ఇంతకంటే తేలికైన పరీక్షలు తక్కువ.

సైటు మట్టిని ఓవెన్‌లో బాగా ఆరబెట్టి, పొడి చేసి, సన్న జల్లెడ పడతారు. పది గ్రాముల చొప్పున రెండు కొలత గొట్టాల్లో పోస్తారు. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, ఇంకోదాంట్లో కిరోసిన్ నింపుతారు. గాలి బుడగలు పోయేలా కలిపి ఒక రోజు కదపకుండా వదిలేస్తారు. నీళ్లని రేగడి రేకులు పట్టుకుంటాయి, కిరోసిన్‌ని పట్టుకోవు. కాబట్టి కిరోసిన్ గొట్టంలో మట్టి ఉన్నంతే ఉంటుంది, నీళ్ల గొట్టంలో ఉబ్బుతుంది. కిరోసిన్‌లో మట్టి 10 మిల్లీలీటర్ల గీత దగ్గర, నీళ్లలో 18 దగ్గర నిలిచిందనుకోండి. తేడా 8. దాన్ని పదితో భాగించి వందతో గుణిస్తే 80 శాతం.

50 శాతం లోపు వస్తే నేల పెద్దగా ఇబ్బంది పెట్టదు. 50 నుంచి 100 మధ్య అయితే జాగ్రత్తగా ఉండాలి. 100 దాటితే మామూలు పునాది వేయకూడదు. 200 దాటితే అనుభవం ఉన్న ఇంజినీరు లేకుండా గడ్డపార కూడా పట్టొద్దు.

రేషన్ షాపులో కిరోసిన్ దొరకని రోజులివి, ల్యాబుల్లో మాత్రం దొరుకుతుంది. సివిల్ ఇంజినీరింగ్ ఉన్న ఏ కాలేజీలోనైనా సాయిల్ మెకానిక్స్ ల్యాబ్ ఉంటుంది. హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల అలాంటి కాలేజీలు తక్కువేం కాదు. ఇటు విజయవాడ వైపు కానూరులో 1977లో మొదలైన సిద్ధార్థ కాలేజీ ఉంది, అటు గుడ్లవల్లేరులో ఇంకొకటి ఉంది. మన పిల్లల్లో చాలామంది పొద్దున్నే జంక్షన్‌లో కాలేజీ బస్సు కోసం నిలబడేది ఇలాంటి చోట్లకి వెళ్లడానికే. ఇంట్లో బీటెక్ సివిల్ చదివే అబ్బాయో అమ్మాయో ఉంటే, వాళ్లు మూడో ఏడాదికల్లా ఈ పరీక్ష గురించి చదివేసి ఉంటారు. ఇంట్లో వాళ్లు అడగరు, వాళ్లకీ చెప్పాలని తోచదు.

మట్టి తీసేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. పైన గడ్డి ఉన్న మట్టి కాదు, పునాది అడుగు వచ్చే లోతు నుంచి తీయాలి. సైటులో రెండు మూడు చోట్ల తీస్తే ఇంకా మంచిది. జంక్షన్ చుట్టూ ఎర్రనేల, నల్లనేల కలిసే చోట్లు ఉంటాయి. పైన ఎర్రగా కనపడి మీటరు కింద నల్లగా మారే సైట్లూ ఉంటాయి. అలాంటి సైటు కొనేవాణ్ని సులువుగా మోసం చేస్తుంది.

బూడిద మీద పరిశోధన

రేగడిని బాగు చేయడం మీద మన దగ్గర జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం బూడిద చుట్టూ తిరుగుతుంది. దానికి కారణం కళ్ల ముందే ఉంది. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ 1979 నుంచి బొగ్గు మండిస్తోంది. మన బొగ్గులో బూడిద వాటా ఎక్కువ, దాదాపు మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇంకోవైపు రైసు మిల్లులు. వెయ్యి కిలోల వడ్లు ఆడిస్తే దాదాపు 200 కిలోల ఊక, ఆ ఊక కాలిస్తే దాదాపు 40 కిలోల బూడిద వస్తాయి. రెండు రకాల బూడిదనీ ఎక్కడ పారబోయాలా అన్నదే తలనొప్పి.

రెండింట్లోనూ సిలికా ఉంటుంది. సున్నంతో, నీళ్లతో కలిస్తే అది మెల్లగా గట్టిపడి సిమెంటులా పట్టుకుంటుంది. ఇది కొత్త సంగతేం కాదు. మన తాతల కాలం మేస్త్రీలు ‘చునా, సుర్ఖీ’ అని వాడింది ఇదే సూత్రం. కాల్చిన ఇటుక పొడే సుర్ఖీ, దాన్ని సున్నంతో కలిపి రుబ్బేవాళ్లు. ల్యాబుల్లో సుర్ఖీ జాగాలోకి బూడిద వచ్చింది, అంతే. ఊక బూడిదతో చిన్న పేచీ ఉంది. అదుపులో పెట్టి, దాదాపు 700 డిగ్రీలు దాటకుండా కాల్చితేనే అది చురుగ్గా పనిచేస్తుంది. మిల్లు బాయిలర్లో ఇష్టమొచ్చినట్టు మండిన బూడిద ఒక్కో లోడు ఒక్కోలా ఉంటుంది. అమెరికాలోని బర్క్‌లీలో పి.కె. మెహతా 1970లలోనే ఈ కాల్చే పద్ధతి మీద పనిచేశారు.

ఫ్లైయాష్ మీద పేరొచ్చిన పని ఒకటి ఉంది. బి.ఆర్. ఫణికుమార్, ఆర్.ఎస్. శర్మ 2004లో అమెరికా సివిల్ ఇంజినీర్ల సంఘం పత్రికలో వేసిన పేపరుని ఇప్పటికీ ఈ రంగంలో వాళ్లు చెప్పుకుంటారు. రేగడిలో 20 శాతం ఫ్లైయాష్ కలిపితే ఉబ్బే గుణం దాదాపు సగానికి తగ్గుతుందని, బలం పెరుగుతుందని అందులో తేలింది. కాకినాడ జేఎన్‌టీయూ కాలేజీలో ఎ. శ్రీరామారావు, ఫణికుమార్ ఇంకో ఉపాయం కూడా పరీక్షించారు. నేలలో గొయ్యి తవ్వి, అడుగున ఒక పలక పెట్టి, దానికి ఇనుప కడ్డీ బిగించి, కడ్డీ పై కొసని పునాదికి కలుపుతారు. గొయ్యిని కంకర, ఇసుకతో దట్టిస్తారు. నేల పైకి తోసినప్పుడు ఆ కంకర స్తంభం లంగరులా పునాదిని కిందికి పట్టి ఉంచుతుంది.

ఆ తర్వాత వచ్చిన ఎంటెక్ థీసిసులకి లెక్కలేదు. ఫ్లైయాష్, ఊక బూడిద, చెరుకు పిప్పి బూడిద, క్వారీ డస్ట్, టైల్స్ ముక్కలు, ప్లాస్టిక్ పీచు... కలిపేది మారుతుంది, పద్ధతి మారదు. 5 శాతం, 10 శాతం, 15 శాతం కలపడం, గ్రాఫ్ గీయడం, ఏది మేలో చెప్పడం. పిల్లలకి పని నేర్పడానికి అది మంచిదే. కానీ ఇల్లు కట్టుకునే మనిషి వైపు నుంచి లెక్క వేస్తే వేరే బొమ్మ కనపడుతుంది.

చిన్న ఇంటికి పునాది గోతులు మొత్తం 40 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నాయనుకుందాం. అడుగున 60 సెంటీమీటర్ల మందం మట్టిని బాగు చేయాలి. అంటే దాదాపు 22 ఘనపు మీటర్లు, బరువులో 30 టన్నుల పైమాట. అందులో 20 శాతమంటే ఆరు టన్నుల పైన బూడిద. తెప్పించొచ్చు, అదేం కష్టం కాదు. కలపడమే కష్టం. ల్యాబులో మట్టి పిండిలా ఉంటుంది. సైటులో రేగడి తడిస్తే జిగురు, ఎండితే రాయి. పారతో కలిపితే బూడిద ఒక పక్క, మట్టి గడ్డలు ఒక పక్క మిగులుతాయి. రోడ్లకైతే మట్టిని పొడి చేసి కలిపే యంత్రాలుంటాయి కాబట్టి ఈ పద్ధతి నడుస్తుంది. వంద గజాల సైటులో నడవదు. పేపర్లు చాలావరకు ఈ మాట చెప్పవు.

ల్యాబు దాటి బయటికొచ్చిన బూడిద పరిశోధన ఒకటి మాత్రం ఉంది. ఫ్లైయాష్, సున్నం, జిప్సం కలిపి, బట్టీలో కాల్చకుండా ఇటుకలు చేసే ‘ఫాల్-జి’ పద్ధతి. విశాఖపట్నంలోని ఇన్స్‌వారెబ్ సంస్థలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ దాన్ని తయారు చేశారు. బూడిద ఇటుక ఊరూరా మామూలు సరుకు కావడం వెనక వాళ్ల పని ఉంది. మామూ చెప్పిన మాట ఇక్కడ తేల్చేయొచ్చు. సరిగ్గా క్యూరింగ్ కాని పచ్చి ఇటుకలు పెడితే సన్నటి జుట్టు బీటలు రావచ్చు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా వచ్చి, వేసవికీ వానాకాలానికీ వెడల్పు మారే పగులుకి మాత్రం ఇటుక కారణం కాదు. ఎర్ర ఇటుక పెట్టినా అది వచ్చేదే.

మరి ఇంటికి ఏది?

ఇంటికి పనికొచ్చే పరిశోధనలు రెండు, రెండూ పాతవే. మొదటిది రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950ల నుంచి అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్. నేలలో తేమ మారేది పై మూడు, మూడున్నర మీటర్లలోనే. దాని కిందకి సన్నటి గొయ్యి దింపి, అడుగున గొయ్యికి రెండున్నర రెట్ల వెడల్పుతో గంటలా తవ్వి, కడ్డీ పెట్టి కాంక్రీటు పోస్తారు. పై నేల ఎంత ఊగినా ఆ గంట కిందే పట్టుకుని ఉంటుంది. అయితే పైల్స్ మీద వేసే ప్లింత్ బీమ్‌కీ నేలకీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి. ఖాళీ లేకపోతే ఉబ్బిన నేల బీమ్‌నే కింద నుంచి తంతుంది. పైల్స్ వేయించి కూడా ఈ ఖాళీ మరిచిపోతే పెట్టిన డబ్బు దండగ.

రెండోది బొంబాయి ఐఐటీ ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి 1970లలో తేల్చింది. ఉబ్బే నేల మీద ఉబ్బని, కానీ కాస్త జిగురున్న మట్టిని దాదాపు మీటరు మందం దట్టిస్తే కింద రేగడి కదలిక పైకి రాదు. మన దగ్గర నూజివీడు వైపు నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్ ఈ పనికి రావచ్చు. ‘రావచ్చు’ అనే చెప్పాలి, ఎందుకంటే ఎర్రగా ఉన్నదల్లా పనికిరాదు. లారీ దింపుకునే ముందు దానికీ కిరోసిన్ పరీక్ష చేయించుకోవాలి.

మేస్త్రీకీ ఇంజినీరుకీ మాట కలవనిది ఇక్కడే. “రేగడి కదా భాయ్, గోతుల నిండా ఇసుక పోసేద్దాం” అని మేస్త్రీ అంటాడు. డెల్టాలో అది ఎప్పటినుంచో ఉన్న అలవాటు. కానీ ఇసుకలోంచి నీళ్లు ఇట్టే దిగిపోతాయి, దిగి అడుగున రేగడి మీద నిలుస్తాయి. గోతి ఒక నీళ్ల తొట్టి అవుతుంది. ఉబ్బే నేలకి ఇసుక మందు కాదని కట్టి పరిశోధన చెప్పింది. మేస్త్రీని తప్పుపట్టి లాభం లేదు. ఆ మాట అతనికి ఎవరు చెప్పారు గనక?

ఇక ఖర్చు లేని జాగ్రత్త నీళ్లది. ఇంటి చుట్టూ మీటరుకి తగ్గకుండా గచ్చు వేసి, వాలు బయటికి ఇవ్వాలి. డాబా నీళ్లు గోడ పక్కనే పడకూడదు. బాత్రూం ఇంకుడు గుంత గోడని ఆనుకుని తవ్వకూడదు. వేప, రావి లాంటి పెద్ద చెట్టు గోడ దగ్గర ఉంటే వేసవిలో ఆ మూల తేమంతా అదే తాగేస్తుంది, కాబట్టి చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో అంత దూరం ఉంచమంటారు.

మసీదు కమిటీలు కూడా ఇది చూసుకోవాలి. వజూ చేసే చోట రోజుకి ఐదు పూటలా నీళ్లు పారతాయి. ఆ కాలువ గోడ వెంటే ఉండి, ఎక్కడో చిన్న లీకు ఉంటే, ఆ గోడ కింద రేగడి ఏడాదంతా తడిగా ఉండి, ఎదురు గోడ కింద ఎండిపోయి ఉంటుంది. గోడ పగలడానికి ఇంతకంటే కావాల్సింది లేదు. చందాలతో కట్టే కట్టడం కాబట్టి పునాది తీయకముందే సాయిల్ టెస్ట్ రిపోర్టు ఫైల్లో పెట్టుకుంటే రేపు ఎవరూ వేలెత్తి చూపరు.

ఇంజినీరు ఎందుకు రాలేదు

ఇంత తెలిసినా సైటు దాకా ఎందుకు రాలేదంటే, అది ఇంజినీరింగ్ ప్రశ్న కాదు. సామాన్యుడి ఇంటికి ఇంజినీరు సాధారణంగా బ్యాంకు లోను వెనకాలే వస్తాడు. లోను కావాలంటే ప్లాను, ఎస్టిమేట్, సంతకాలు కావాలి. 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ ముస్లింలకి బ్యాంకు రుణాలు అందడం జనాభా వాటాతో పోలిస్తే చాలా తక్కువని చెప్పింది. వడ్డీ వద్దనుకుని లోను జోలికే పోని ఇళ్లూ మనలో ఉన్నాయి. చీటీ పాట డబ్బులు, అమ్మీ నగలు, దుబాయ్‌లో ఉన్న తమ్ముడు పంపింది కలిపి, గది తర్వాత గది కడతారు. అలా కట్టుకోవడంలో తప్పేం లేదు. కాకపోతే ఆ దారిలో కాగితం అడిగేవాళ్లు ఎవరూ తగలరు, కాబట్టి మట్టి చూసేవాళ్లూ ఉండరు. అప్పు లేదు కదా అని సంతోషపడే ఇంటికే పరీక్ష చేయించుకోవాల్సిన అవసరం ఎక్కువ.

కాలేజీల వైపు కూడా లోపం ఉంది. థీసిసు ఇంగ్లీషులో ఉంటుంది, మార్కులు పడ్డాక లైబ్రరీ అలమరాలోకి పోతుంది. ఏడాదికొకసారి చుట్టుపక్కల ఊళ్ల సైట్ల మట్టి తెప్పించి విద్యార్థుల చేత పరీక్ష చేయిస్తే ప్రాజెక్టు అవుతుంది, ఊరికి ఒక పటమూ అవుతుంది. ఏ వీధిలో 40 శాతం, ఏ వీధిలో 120 శాతం అన్నది అందరికీ తెలుస్తుంది. మళ్లీ ఇంకో బూడిద, ఇంకో 15 శాతం కంటే అది పనికొచ్చే పని.

ఇప్పటికే పగులు వచ్చిన ఇంట్లో ఉన్నవాళ్లు కంగారుపడి గోడ కూల్చనక్కర్లేదు. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత పెట్టి తారీఖు రాయండి. మధ్యలో వెడల్పు స్కేలుతో కొలిచి పక్కనే రాయండి. కాలువలు కట్టేసిన మే నెలలో ఒకసారి, వానలు బాగా పడ్డాక సెప్టెంబరులో ఒకసారి చూడండి. వెడల్పు రెండుసార్లూ ఒకటే అయితే ఆ కదలిక ఆగిపోయినట్టు, పూడ్చుకోవచ్చు. మేలో పెరిగి సెప్టెంబరులో తగ్గితే గోడకి మందు వేసి ఉపయోగం లేదు. ముందు లీకులు ఆపి, చుట్టూ గచ్చు వేయించి, ఇంకుడు గుంత దూరంగా జరిపి, ఇంకో ఏడాది కొలవాలి. ప్రతిసారీ పెరుగుతూనే పోతుంటే, తలుపులు బిగుసుకుపోతుంటే, రంగుల వాణ్ని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవాలి. ఆయన వచ్చినప్పుడు గోడ మీద ఆ పెన్సిల్ తారీఖులు చూపిస్తే సగం పని అయిపోయినట్టే.